హునర్ నేర్పించండి, పై తాలీమ్ దర్వాజా మూయకండి



పదో తరగతి రిజల్ట్ వచ్చిందంటే గూడూరులోనైనా, నర్సంపేటలోనైనా, మహబూబాబాద్‌లోనైనా మన ఇళ్లలో ఒకటే బహస్. పిల్లవాణ్ణి ఇంటర్‌లో వేసి బీటెక్ దాకా చదివించాలా? లేక పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చేర్పించి తొందరగా రోజీకి పెట్టాలా? అబ్బాకు ఇంటి ఖర్చు ఫికర్, అమ్మీకి పెద్ద చదువు మీద ఆశ. ఇద్దరిదీ ఔలాద్ మీద మొహబ్బతే.

నా రాయ్ సాఫ్‌గా చెబుతాను. ఆమదనీ తక్కువున్న ఇంటికి పాలిటెక్నిక్ మంచి దారి. అయితే ఒక షర్త్: బీటెక్ వైపు వెళ్లే దర్వాజా మొదటి రోజు నుంచే తెరిచి ఉంచాలి.

హిసాబ్ చూడండి. ఇంటర్ 2 ఏళ్లు, బీటెక్ 4 ఏళ్లు, మొత్తం 6. డిప్లొమా 3 ఏళ్లు, ఆపైన ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో 3, అదీ 6 ఏళ్లే. తేడా మధ్యలో ఉంది. అబ్బాకు తబియత్ బాగాలేకో, అప్పుల వల్లో చదువు ఆగిపోతే, ఉత్త ఇంటర్‌తో దొరికే నౌకరీలు తక్కువ. డిప్లొమా చేతిలో ఉంటే రైల్వేలో జూనియర్ ఇంజినీర్ పోస్టుకు, సర్కారు ఏఈ పోస్టుకు దరఖాస్తు పెట్టొచ్చు. ఏఈఈ కావాలంటే మాత్రం బీటెక్ తప్పదు. అందుకే ఆ దర్వాజా జరూరీ అంటున్నాను. అమెరికాలోనూ చాలామంది కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారుతుంటారు. మన దగ్గర ఆ పని చేసేది ఈసెట్.

కానీ ఈసెట్ సీట్లు కొన్నే. 200 మార్కుల పేపర్లో మ్యాథ్స్‌కే 50, ఫిజిక్స్‌కు 25, కెమిస్ట్రీకి 25. మిగతా 100 తన బ్రాంచి సబ్జెక్టువి. డిప్లొమాలో చేరగానే "ఇక లెక్కలతో పనేముంది" అనుకున్న పిల్లవాడు అక్కడే వెనకబడతాడు. మూడేళ్లూ మ్యాథ్స్ వదలకుండా చూసే జిమ్మేదారీ వాలిదైన్‌ది.

ఐటీఐని చిన్నచూపు చూడకండి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి రెండేళ్ల ట్రేడులు హలాల్ రోజీ ఇస్తాయి. మన పిల్లలు షెడ్లలో ఉస్తాద్ దగ్గర అదే పని ఏళ్లకేళ్లు నేర్చుకుంటారు, కానీ చేతిలో కాగితం ఉండదు. కాగితం లేని హునర్‌కు రైల్వేలోనూ, కరెంటు ఆఫీసులోనూ కద్ర్ లేదు. ఐటీఐ అయినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది.

"పేదవాళ్ల పిల్లలకు హునర్, ధనికుల పిల్లలకు యూనివర్సిటీ అంటారా?" అని ఎవరైనా అడగొచ్చు. సవాల్ జాయిజే. 2006లో సచార్ కమిటీ, 2016లో సుధీర్ కమిషన్ మన తాలీమ్ హాల్ చూసి చెప్పిందీ అదే, పై చదువులకు వెళ్లేకొద్దీ ముస్లిం పిల్లలు తగ్గిపోతున్నారని. కాబట్టి చదువులో తేజ్‌గా ఉండి, ఇల్లు ఆరేళ్లు ఓర్చుకోగలిగితే ఇంటర్‌లోనే వేయండి. తేజ్ పిల్లవాణ్ణి కేవలం భయంతో పక్కకు తిప్పడం జుల్మ్.

బేటీల మాట. అబ్బాయికి బ్రాంచి, కాలేజీ, హాస్టల్ అన్నీ విచారించే మనం, అమ్మాయికి "దగ్గర్లో ఏది ఉంటే అది" అంటాం. నికాహ్ దాకా టైంపాస్ అన్నట్టు చదివించకండి. డిప్లొమా చేసిన బేటీ ఇంట్లో రెండో కమాయీ కావచ్చు, ముసీబత్ వస్తే ఒక్కతే ఇంటిని నిలబెట్టొచ్చు.

ఇక కాగితాలు. 2007 నుంచి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది, అది జాబితాలోని బిరాదరీలకే. దూదేకుల వాళ్లు బీసీ-బి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇంటి ఆమదనీ పల్లెల్లో ఏడాదికి 1,50,000, పట్టణాల్లో 2,00,000 దాటకూడదు. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక మీసేవకు పరిగెత్తకుండా, ఇన్‌కమ్, కులం సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి. సర్కారు డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్ల సంగతేమిటో కాలేజీని చేరేముందే అడగండి.

ఆఖరుగా, పక్కింటివాళ్లు ఎక్కడ చేర్పించారో చూసి ఫైసలా చేయకండి. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, టీచర్‌ని అడిగి, ఇంటి హిసాబ్ వాడి ముందే పెట్టి మష్వరా చేయండి. ఆరేళ్లు చదవాల్సింది వాడే కదా!