కుండలో పడకముందే



రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో గిల్గాలు కరువు చదివాము కదా. ఒకడు తెలియక అడవికాయలు తెచ్చి కూరకుండలో వేశాడు. రుచి చూసినవారు ఊరుకోలేదు, కేక వేశారు. ఎలీషా పిండి వేయగా ఆ వంట బాగుపడింది.

మన బడికుండకు ఆ పిండి దొరకదు. 2013 జూలైలో బీహారులోని గండామన్ బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మన రాష్ట్రంలోనే 2024 నవంబరులో మాగనూరు బడిలో వారం తిరగకముందే రెండుసార్లు పిల్లలు అస్వస్థులయ్యారు.

వడ్డించేముందు పెద్దలు రుచి చూడాలన్నది నియమం. మంచిదే. కాని నాలుకకు తేదీ తెలియదు. పప్పు, నూనె, కారం బడి గడప దాటకముందే గడువు చూడాలి.

జనగామలోనైనా, మహబూబాబాద్, భూపాలపల్లిలోనైనా బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. మిగతా సరుకులు చాలా బడుల్లో వంట అక్కలే ముందు కొంటారు, బిల్లు తర్వాత వస్తుంది. అప్పు మీద తెచ్చుకునే అక్క కొట్టువాడు ఇచ్చిందే తీసుకుంటుంది. కాబట్టి ఆమె ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు.

కొట్టు నడిపే సహోదరుడా, గడువు తీరిన ప్యాకెట్ బడికి అంటగట్టకు. తల్లిదండ్రులారా, వారానికొకసారి వెళ్లి సరుకులు చూడండి, అక్కల బిల్లుల కోసం అధికారులను అడగండి.

రొట్టె అడిగిన బిడ్డకు రాయి ఇచ్చేవారము కాకుందుము గాక. ఆమేన్.