తెల్లవెంట్రుక నేరమా?

కోకాపేట అనగానే అందరికీ కోట్లు గుర్తుకొస్తాయి. 2023 ఆగస్టు వేలంలో నియోపోలిస్‌లో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పలికిన మాట నిజమే. అయితే అక్కడి ఎత్తైన భవనాల గేట్ల దగ్గర రాత్రిళ్ళు కాపలా కాసేవాళ్ళలో మా నాయన లాంటి రైతులు కూడా ఉన్నారు. శంకర్‌పల్లి దిక్కు మాకున్న రెండెకరాలతో ఇల్లు గడవక నాయన ఈ కొలువులో చేరిండు.

"ముసలోళ్ళు మాకొద్దు" అని కాంట్రాక్టరు అన్ననాటి నుంచి నాయన జుట్టుకు రంగు వేసుకోవడం మొదలైంది. కిరాణా కొట్టులో దొరికే చిన్న పొట్లమే. ఏడాది పాటు ఏమీ కాలేదు. పోయిన ఎండాకాలంలో మాత్రం రంగేసుకున్న మర్నాడు నెత్తి మంట, దురద. రెండోనాటికి చెవుల వెనుక నీటి పొక్కులు, కళ్ళు తెరవలేనంత వాపు. "ఇన్నాళ్ళు పడింది గదరా, ఇప్పుడేమైంది?" అని నాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. సిగ్గుచేటు ఏమిటంటే, అరోమాటిక్ ఎమీన్ల మీద పరీక్షలో నాలుగు పేజీలు రాసినవాణ్ణి నేను!

నల్లరంగు పొట్లాలు చాలావాటిలో ఉండేది పారాఫినిలిన్ డయమీన్. దీనికి రంగునిచ్చే గుణముందని 1863లోనే హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. దీని చిన్న అణువులు వెంట్రుకలోకి దూరి, పెరాక్సైడు చేత ఆక్సీకరణం చెంది, పెద్ద రంగు అణువులై లోపలే చిక్కుకుపోతాయి. అందుకే కడిగినా పోదు. అదే పదార్థం చర్మంలోకి దిగితే కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఈ గుర్తు మొదటిసారే పడాలని లేదు, పదోసారైనా పడవచ్చు. ఒకసారి పడితే సాధారణంగా జన్మంతా పోదు.

మరి చేయవలసిందేమిటి? రంగు వేసుకునే ప్రతిసారీ, రెండు రోజుల ముందే, కలిపిన రంగును చెవి వెనుక గాని మోచేతి మడతలో గాని చుక్కంత రాసి చూడాలి. దురద గాని ఎరుపు గాని కనిపిస్తే ఆ పొట్లం పారేయాలి. నెత్తి మీద పుండు గాని గీత గాని ఉంటే రంగు జోలికి పోరాదు. చేతులకు తొడుగులుండాలి. చెప్పిన సమయం దాటనివ్వరాదు. కనుబొమ్మలకు, రెప్పలకు అసలే రాయరాదు, చూపుకే ప్రమాదం. "అమ్మోనియా లేదు", "హెర్బల్" అన్న అక్షరాలు చూసి మోసపోవద్దు. ఉత్త గోరింటాకు ఎర్రనారింజ రంగే ఇస్తుంది. నల్లగా పండే "నల్ల గోరింటాకు"లో తరచుగా ఈ డయమీనే కలుస్తుంది.

మనకు నిబంధనలు లేక కాదు. ఈ హెచ్చరిక, పరీక్ష చేసే పద్ధతి ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలని మన కాస్మెటిక్స్ నిబంధనలే చెబుతున్నాయి. కాని మా నాయన కొన్న పొట్లం మీది అక్షరాలు భూతద్దం పెడితే తప్ప నాకే కనిపించలేదు. చదవలేని హెచ్చరిక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పొట్లం ముందు భాగానే అచ్చు వేయాలని అడగడం గొంతెమ్మ కోరికా?

రంగు వేసుకోవడం తప్పని నేననను. అది ఎవరి ఇష్టం వారిది. కాని పొట్టకూటి కోసం మంటను నెత్తికెత్తుకోవలసి రావడం అన్యాయం. రాత్రంతా మేలుకొని కాపలా కాసేది కళ్ళా, వెంట్రుకలా?

ఇప్పుడు నాయన తెల్లజుట్టుతోనే డ్యూటీకి పోతున్నడు. కాంట్రాక్టరు ఎప్పుడేమంటాడో అన్న భయం ఇంట్లో ఉంది. అయినా ఆ పొట్లం మళ్ళీ మా గడప తొక్కదు. మిత్రులారా, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి అలమరలోని పొట్లాన్ని ఒకసారి తీసి, అమ్మానాన్నలకు చదివి వినిపించండి. మన చదువుకు అంతకంటే మంచి ప్రాక్టికల్ ఏముంది?