పురుగు కడుపులోని చక్కెర

పత్తిచేనిలోని పురుగు చచ్చిన చాలును గాని, దాని కడుపులో చక్కెర యెట్లు పేర్చబడియున్నదో రైతున కేల యని మన సుల్తానాబాద్ ప్రాంతపు సభ్యులు కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ యెరుక రైతునకు దూరమైనది కాదని మా యభిప్రాయము.

పురుగు పేగుగోడలోని కణములపై గ్లైకోలిపిడ్లను పదార్థములు కలవు. వాని కొవ్వుకొస కణపు పొరలో నాటుకొనియుండును. చక్కెరల గొలుసు వెలుపలికి సాగియుండును. 1982లో జపానుదేశపు రసాయనజ్ఞులు పచ్చఈగ పురుగులనుండి వీనిని వేరుచేసి, నిర్మాణమును వెల్లడించిరి. ఇది ఓర్పుతో చేయవలసిన పని. కొవ్వును కరగించి తీయవలెను. ఒకదానినొకటి పోలిన పదార్థములను విడదీయవలెను. పిమ్మట ఏ చక్కెర ఏ చక్కెరతో ఏ వైపున అతుకుకొన్నదో తేల్చవలెను. మన దేహములోని ఇట్టి గొలుసులలో సాధారణముగా గ్లూకోజు వెనువెంట గాలక్టోజు ఉండును. ఆ పురుగులో అచ్చట మానోజు ఉన్నది. మూడింటిలోను కర్బనము 6, ఉదజని 12, ఆమ్లజని 6 పరమాణువులే. తూచిన భేదము తెలియదు, అమరికలోనే యున్నది.

ఇక పత్తి మాట. బి.టి. యనునది ఒక సూక్ష్మజీవి. 1901లో జపానునందు ఇషివాతా యను పండితుడు దీనిని చచ్చిన పట్టుపురుగులలో కనుగొనెను. ఇట్టి సూక్ష్మజీవి విషము లొకటి నులిపురుగు పేగులోని గ్లైకోలిపిడ్ల చక్కెరగొలుసును పట్టుకొనియే దానిని చంపునని 2005లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపిరి. ఆ గొలుసు లేని నులిపురుగులు విషము తినియు బ్రదికినవి. పత్తిని తొలుచు గులాబిపురుగున విషమునకు ముఖ్యమైన పట్టు పేగుగోడ ప్రొటీనులు. అవి మారినందున పురుగు తప్పించుకొనుచున్నది. త్రోవ వేరైనను తీరు ఒకటే.

మన దేశమున బి.టి. పత్తికి 2002లో అనుమతి దొరకెను. 2006లో రెండువిషముల విత్తనము వచ్చెను. మొదటి విషమునకు లొంగని గులాబిపురుగు గుజరాతులో పుట్టినట్లు 2010లో వెల్లడియయ్యెను. కొన్నియేండ్లకే రెండవదియు వ్యర్థమయ్యెను. మునుపు 450 గ్రాముల విత్తనము వెంట 120 గ్రాముల సాదావిత్తనము ప్రత్యేకపు పొట్లముగా వచ్చెడిది. దానిని చేను చుట్టును వేయక పారవేసినవా రెందరో! సాదాచెట్లపై బ్రదికిన పురుగు మొండిపురుగుతో జతకూడినచో మొండితనము పలుచబడును. ఈ సంగతి నాడు రైతునకు తేటగా చెప్పినవారు తక్కువ.

కావున మన చేల గులాబిపురుగు పేగులోని ప్రొటీనులతోపాటు గ్లైకోలిపిడ్లను కూడ రాజేంద్రనగరపు విశ్వవిద్యాలయమువారు, హైదరాబాదు రసాయన పరిశోధనాలయమువారు పరీక్షింపవలెనని కోరుచున్నాము. మహదేవపూరు అడవుల దసలిపట్టుపురుగును ప్రక్కన నుంచి పోల్చవలెను. అదియు రెక్కపురుగు బిడ్డయే, బి.టి. మందు చల్లినచో దానికిని ముప్పు. ఒకదానిని చంపి యొకదానిని విడుచు మందు కావలెనన్న, రెంటి భేదము మొదట తెలియవలెను గదా.

ఈలోపల డిసెంబరు ముగియగనే పత్తిచెట్లను పెరికివేయుడు. కట్టెను గట్టున కుప్పవేయకుడు. విచ్చని కాయలలో పురుగు దాగియుండును.