రాజుగారి బల్ల మీద ఎవరి పేరు?

పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ ఆస్థాన ఫర్నిచర్ గురించి ఏ పుస్తకం తెరిచినా తండ్రీకొడుకుల కథే. అబ్రహాం రోంట్‌గెన్ 1750లో రైన్ నది ఒడ్డున న్యూవీడ్‌లో వర్క్‌షాపు పెట్టాడు. కొడుకు డేవిడ్ దాన్ని ప్రష్యా, ఫ్రాన్స్, రష్యా రాజప్రాసాదాల దాకా తీసుకెళ్ళాడు. తాళంచెవి తిప్పగానే రహస్యపు అరలు తెరుచుకునే ఆ బీరువాలు అద్భుతాలే, కాదనను. నా పేచీ వాటి కింద రాసే ఒక్క మాటతో: ‘తయారుచేసినవాడు’.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనుక సంతకాన్ని అంత తేలిగ్గా నమ్మను. వెర్సాయ్‌లో ఉన్న పదిహేనో లూయీ రాతబల్లనే చూడండి. 1760లో దాన్ని మొదలుపెట్టింది జర్మనీలో పుట్టిన ఓబెన్. ఆయన 1763లో చనిపోయాడు. 1769లో దాన్ని పూర్తిచేసి సంతకం పెట్టింది మరో జర్మన్ వడ్రంగి రీజెనర్. మరి మధ్యలో?

మధ్యలో ఫ్రాన్స్వాజ్ మార్గరీట్ వాండర్‌క్రూజ్ ఉంది. వడ్రంగి కూతురు, వడ్రంగి అక్కచెల్లెలు, ఓబెన్ భార్య. భర్త పోయాక వర్క్‌షాపు మూతపడకుండా నడిపింది ఆమె. వృత్తి సంఘం భర్త పోయిన స్త్రీకి ఆ మాత్రం హక్కు ఇచ్చింది. కానీ ఆ రోజుల్లో అక్కడ తయారైన వస్తువుల మీద పడ్డ ముద్ర చనిపోయిన మగవాడిదే! అక్కడే పనిచేస్తున్న రీజెనర్ 1767లో ఆమెను పెళ్ళాడాడు. మరుసటేడు మాస్టరయ్యాడు. చరిత్ర మాత్రం ఓబెన్ నుంచి రీజెనర్‌కి ఒక్క గెంతు గెంతుతుంది.

‘ఆమె ఉలి పట్టిందా?’ అని అడుగుతారు పండితులు. ఆ ప్రశ్న డేవిడ్ రోంట్‌గెన్‌ని ఎందుకు అడగరు? ఆయన బల్లల్లోని యంత్రాల వెనక గడియారాల నిపుణుడు కిన్‌జింగ్ ఉన్నాడు. పేర్లు తెలియని పనివాళ్ళు ఎందరో ఉన్నారు. పని తెచ్చి, మనుషుల్ని కూర్చి, వర్క్‌షాపు నడపడమే మగవాణ్ణి ‘మేకర్’ని చేస్తే, అదే పని చేసిన స్త్రీ ‘ఫలానావారి భార్య’గా ఎందుకు మిగిలిపోవాలి?

ఆ యుగం స్త్రీ చేతుల్ని అసలు చూపలేదని కాదు. 1784లో రోంట్‌గెన్, కిన్‌జింగ్ కలిసి తంత్రీవాద్యం వాయించే ఆడబొమ్మను తయారుచేశారు. మరుసటేడు మేరీ ఆంత్వానెత్ కొన్నది. ఈనాటికీ పారిస్ మ్యూజియంలో ఉంది. కీ ఇస్తే కదిలే స్త్రీ చేతులకి అంత గౌరవం!

సాక్ష్యం లేనిదే మాట్లాడకూడదంటారు. ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ సాక్ష్యం ఉంది, పేరూ ఉంది. ‘భార్య’ అన్న మాట పక్కన ఉంది. దాన్ని అక్కణ్ణించి తీసి ‘వర్క్‌షాపు యజమాని’ అన్న మాట పక్కన పెట్టమంటున్నాను. అంతే.