తెల్లమచ్చను చదివే చదువు

"సార్, ఇది బొల్లేనా?"

కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట చర్మవ్యాధుల ఓపీలో ఈ ప్రశ్న వినబడని రోజు అరుదు. అడిగేది ఎక్కువగా అమ్మలే. పక్కనే కూతురు తల దించుకుని ఉంటుంది. చెంప మీద రూపాయి బిళ్లంత మచ్చ. "పెండ్లి సంబంధాలు చూస్తాండాం సార్, ఉన్నదున్నట్టు చెప్పండి" అంటుంది తల్లి. బొల్లి అన్న మాటను పైకే అడిగేస్తారు. ఇంకో మాట ఉంది. దాన్ని మాత్రం అడగరు. మనసులోనే పెట్టుకుని డాక్టరు ముఖంలోకి చూస్తారు.

ఆ అడగని మాట... కుష్ఠు.

ఆ చూపుకు సరైన జవాబు చెప్పడం నేర్పే చోటు వైద్య కళాశాలలోని డీవీఎల్ విభాగం. డెర్మటాలజీ, వెనిరియాలజీ, లెప్రసీ. అంటే చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు. పొంతన లేని మూడింటిని ఒకే గదిలో కూర్చోబెట్టినట్టు అనిపిస్తుంది కానీ, కారణం లేకపోలేదు. సిఫిలిస్ ఒంటి మీద దద్దుర్లుగా బయటపడుతుంది. కుష్ఠు మచ్చగా బయటపడుతుంది. లోపలి జబ్బుకు తొలి సాక్షి చర్మమే.

ఆంధ్ర రాష్ట్ర రాజధాని హోదా చేజారిన రోజుల్లోనే కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. ఆదోని, ఆలూరు, పత్తికొండ నుంచే కాదు, తుంగభద్ర దాటితే వచ్చే అలంపూర్, గద్వాల వైపు నుంచీ రోగులకు దగ్గర్లోని పెద్ద దిక్కు అదే. కడపలో రిమ్స్ పేరుతో కాలేజీ మొదలైంది 2006లో. అంతవరకూ కడప జిల్లా వాళ్లు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాలంటే పొరుగు జిల్లాలకు పోవాల్సిందే. 2023లో నంద్యాలకూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కాలేజీలు పెరిగాయి, సంతోషమే. కానీ ఎంబీబీఎస్ కుర్రాడు డీవీఎల్‌లో గడిపేది అప్పుడూ ఇప్పుడూ కొన్ని వారాలే. దానికంటూ విడిగా యూనివర్సిటీ పరీక్ష లేదు. జనరల్ మెడిసిన్ పేపర్లో ఒకటో రెండో ప్రశ్నలు వస్తాయి. పరీక్షలో పెద్దగా లేనిదాన్ని పిల్లలు ఎంత చదువుతారో చెప్పనక్కర్లేదు.

ఆ కొన్ని వారాల్లో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం మచ్చను చూడటం. కిటికీ పక్కకు తీసుకెళ్లి, పగటి వెలుతురులో చూడాలి. ట్యూబ్‌లైట్ కింద కనబడని లేత మచ్చ ఏటవాలు వెలుతురులో తేలుతుంది. పాలలా తెల్లగా ఉండి, దాని మీది వెంట్రుకలు కూడా నెరిస్తే అది బొల్లి కావచ్చు. అది అంటుకోదు. ఛాతీ, వీపు మీద చిన్న చిన్న మచ్చలుగా వచ్చి, గోటితో గీరితే సన్నటి పొట్టు రాలితే శోభి. చెమట పట్టే ఒంటికి అది మామూలే, పైపూతతో తగ్గుతుంది. పిల్లల బుగ్గల మీద పాలిపోయినట్టు కనిపించే గరుకు మచ్చలను చూసి చాలామంది నులిపురుగుల మందు తాగిస్తుంటారు. నిజానికి వాటికీ పురుగులకూ సంబంధం లేదు. అది పొడి చర్మం. ఎండకు చుట్టూ చర్మం నల్లబడే కొద్దీ మచ్చ ఇంకా తెల్లగా కనిపిస్తుంది.

కుష్ఠు మచ్చ వీటన్నిటికీ వేరు. అది పాలలా తెల్లగా ఉండదు. చుట్టూ ఉన్న రంగు కంటే కాస్త లేతగానో, రాగి రంగులోనో ఉంటుంది. దురద ఉండదు, నొప్పి ఉండదు. అదే దాని మోసం.

దీనికి పరీక్ష చెయ్యడానికి దూది చాలు. చిన్న పోగు లాగి మొన తీసి, రోగిని కళ్లు మూసుకోమంటారు. మచ్చ మీద తాకిస్తారు. ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంటారు. "తెలుస్తోందా?" అని అడగకూడదు. అడిగితే డాక్టరును నొప్పించడం ఎందుకని "ఆ" అనేస్తారు మనవాళ్లు. ముఖం మీది మచ్చ ఇంకో చిక్కు. అక్కడ నరాలు దట్టంగా ఉండటంతో స్పర్శ పోయినట్టు సులభంగా తేలదు. అందుకే ముఖం చూసి వదిలేయకుండా మోచేతి వెనక నరం తడమాలి. తగిలితే కరెంటు కొట్టినట్టుంటుందే, ఆ నరం లావెక్కిందేమో చూడాలి. మోకాలి పక్కనా, మెడ మీదా చూడాలి. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని అడగాలి. చెవి తమ్మె నుంచి కాస్త ద్రవం తీసి మైక్రోస్కోపు కింద చూస్తే కొందరిలో క్రిములు ఎర్రటి కడ్డీల్లా కనిపిస్తాయి. కొందరిలో కనిపించవు. కనబడలేదు కదా అని జబ్బు లేదనుకుంటే తప్పే.

ఈ చదువు ఇప్పుడు ఇంకా అవసరం ఎందుకంటే, దేశంలో కుష్ఠు 'నిర్మూలన' జరిగినట్టు 2005 డిసెంబరులో ప్రకటించారు. పదివేల మందిలో ఒకరి కంటే తక్కువకు చేరిందని దానర్థం. అసలు లేదని కాదు. ఇప్పటికీ దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ప్రపంచం మొత్తమ్మీద సగానికి పైగా మన దగ్గరే. ఒకప్పుడు కుష్ఠు కోసమే ఊరూరా తిరిగే సిబ్బంది ప్రత్యేకంగా ఉండేవారు. ఆ పని మామూలు వైద్య సేవల్లో కలిసిపోయాక, మచ్చను మొదట అనుమానించాల్సింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని యువ డాక్టరే. అతనికి ఆ కొన్ని వారాల పాఠం గుర్తుంటే సరే. లేకపోతే తామర మందు రాసి పంపిస్తాడు.

మందుల షాపు సంగతి మరీ విచిత్రం. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే తామర దురద రెండు రోజుల్లో తగ్గుతుంది. గుండ్రటి అంచు చెదిరిపోతుంది. ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను చీటీ లేకుండా అమ్మకూడదంది. చీటీ అడిగే షాపులు ఎన్నో పాఠకులకే తెలుసు. ఏడాదిపాటు క్రీములు మార్చి మార్చి రాసుకుని వచ్చినవాళ్ల ఒంటి మీద ఏ జబ్బు ఏదో పోల్చుకోవడం పీజీ విద్యార్థికీ పరీక్షే.

ఆ పీజీ సీటుకు ఇప్పుడు మంచి గిరాకీ. ర్యాంకర్లు ఏరి కోరి తీసుకునే కోర్సుల్లో ఇదొకటి. రాత్రి డ్యూటీల బాధ తక్కువ, లేజర్లు, జుట్టు నాటే క్లినిక్కులు చేతినిండా పని ఇస్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ డీవీఎల్‌లో చివరి అక్షరం మీద ఆసక్తితో వచ్చేవాళ్లు ఎందరన్నదే ప్రశ్న. మూడేళ్ల ఎండీలో ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాలి. దానికి సరుకు వెతకడానికి పశ్చిమ కర్నూలు దాటి పోనక్కర్లేదు. మచ్చ మొదట చూసుకున్న రోజుకూ, జబ్బు పేరు తెలిసిన రోజుకూ మధ్య ఎన్ని నెలలు గడిచాయి? ఆ నెలల్లో ఎవరెవరి దగ్గరికి తిరిగారు? ఈ రెండు ప్రశ్నలకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఓపిగ్గా అడిగి రాసుకుంటే చాలు.

ఆ లెక్కలో తప్పక తగిలేది సుగ్గి. వానలు మొహం చాటేస్తే కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల వాళ్లు పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసేవాళ్లు వచ్చేసరికి తలుపులకు తాళాలుంటాయి. మచ్చలు ఐదులోపు ఉంటే ఆరు నెలలు, అంతకు మించితే ఏడాది మందు వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫార్సు చేసిన ఈ బహుళ ఔషధ చికిత్స పూర్తిగా ఉచితం. నెలనెలా వచ్చి తీసుకోవాలన్నదే ఇబ్బంది. నిజానికి వలస పోయేవాళ్లకు కొన్ని నెలల మందు ఒకేసారి ఇచ్చే వీలు కార్యక్రమంలోనే ఉంది. రోగి చెప్పాలి, డాక్టరు అడగాలి. మొదటి మోతాదు మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుందని, ఒక మందు వల్ల ఒళ్లు నల్లబడి తర్వాత తగ్గుతుందని ముందే చెప్పకపోతే, ఆ భయంతోనే మాత్రలు మానేస్తారు.

భయానికి చట్టం కూడా చాలాకాలం తోడుంది. కుష్ఠు ఉందంటే విడాకులు అడగొచ్చని 1955 హిందూ వివాహ చట్టంలోనే ఉండేది. ఆ నిబంధనను తీసేయడానికి 2019 దాకా పట్టింది. సంబంధాలు చూస్తున్న తల్లి కంట్లో కనిపించే ఆందోళన ఊరికే పుట్టింది కాదు.

ఆ చెంప మీది మచ్చ చాలాసార్లు పొడి చర్మమో, శోభో అవుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం దూది తాకినా వేలు కదలదు. అప్పుడు డాక్టరు అడగాల్సిన మొదటి మాట "ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అని. అందర్నీ పిలిపించి చూడాలి. "సుగ్గికి ఎప్పుడు పోతాండారు?" అన్నది రెండోది.