విత్తనమునకు సాక్ష్యము వలదా?

బెజవాడకడ ప్రకాశం బరాజునుండి కాలువలకు నీరు వదలిన నాడు డెల్టా రైతు తన సంవత్సరమంతయు నొక విత్తనపు సంచిపై పందెమొడ్డుచున్నాడు. సంచిమీది పేరు నిజమా, అబద్ధమా యనునది వాని కెప్పుడు తెలియును? వెన్ను తీసిన నాడు! చేను కొంత ముందుగను కొంత వెనుకగను ఈనినప్పుడు మోసము బయటపడును. అప్పటికి అదను దాటును, అప్పు మిగులును. అమ్మినవాడు వానను నిందించును, ఎరువును నిందించును, తుదకు రైతునే నిందించును. సాక్ష్యము లేని ఫిర్యాదు అరణ్యరోదనమే.

ఆ సాక్ష్యము నేడు శాస్త్రము చేతనున్నది. ప్రతి వంగడపు జన్యుపదార్థమునందును నిర్దిష్ట స్థానములలో కొన్ని గుర్తులు గలవు. వానిని కలిపి చదివినచో నారు దశయందే వంగడమును పోల్చవచ్చును. దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. బాపట్లలో పుట్టి 1986 లో విడుదలయైన సాంబ మసూరి, అన్నమునకు పేరొందినను, బాక్టీరియా ఎండాకు తెగులునకు లొంగునది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు సి.సి.ఎం.బి.యు గూడి ఇట్టి గుర్తుల సాయముననే మూడు నిరోధక జన్యువులను దానియందు చేర్చి, 2008 లో మెరుగైన సాంబ మసూరిని వెలువరించినవి. ఈ రెండు గింజలను ప్రక్కప్రక్కన నుంచిన నే కన్ను భేదము చెప్పగలదు? గుర్తులు చెప్పును.

ఎగుమతి బాస్మతిలోని కల్తీని పట్టుటకు హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. డి.ఎన్.ఏ. పరీక్ష నేర్పరచినది. పరదేశీయుని పళ్లెమునకు దొరకిన రక్షణ మన నారుమడికి అంత సులభముగా నందకుండుట న్యాయమా? 1966 నాటి విత్తన చట్టము తొలి నేరమునకు నిర్ణయించిన జరిమానా 500 రూపాయలకు మించలేదు. పంట పోయినవానికి ఇది ఓదార్పా, వెక్కిరింతయా?

అయితే ఈ గుర్తు కంపెనీల చేతి కొరడా కారాదు. తన పంట విత్తనమును దాచుకొనుటకును, మార్చుకొనుటకును, మార్కా వేయక అమ్ముకొనుటకును 2001 నాటి వంగడముల రక్షణ, రైతుల హక్కుల చట్టము రైతునకు హక్కొసగినది. పరీక్షల పేరట ఆ హక్కును కబళింపజూచిన మేము సహింపము.

మా కోర్కెలు రెండే. విడుదలయైన ప్రతి వంగడపు గుర్తుల పట్టికను బహిరంగము చేయవలెను. ఫిర్యాదు చేసిన రైతు నమూనాను సర్కారు ఖర్చుతో పరీక్షించి, నాట్లకు ముందే ఫలిత మీయవలెను. పంట పోయిన పిమ్మట వచ్చు తీర్పు శవమునకు చేయు వైద్యము. సాంబ మసూరిని కన్నది ప్రజాధనము. దాని పేరు కాపాడు భారము ప్రభుత్వముది.