యాభై ఏళ్లు నిండేదాకా

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు జీతం కూడబెట్టి పాత ప్రీమియర్ పద్మిని కొంటామంటే ఇంట్లోవాళ్లు కోప్పడతారు. ఈఎంఐ మీద కొత్త కారు వచ్చే రోజుల్లో ఇదేం పిచ్చి అంటారు. నేను ఆ పిల్లల పక్షం.

క్లాసిక్ కారు అంటే నిజాంగారి రోల్స్‌రాయిస్సే కానక్కర్లేదు. 1964లో బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, డెబ్బైల్లో పద్మినిగా పేరు మారి, 2000 దరిదాపుల్లో తయారీ ఆగిపోయిన ఈ కారులోనే మన ఊళ్ల డాక్టర్లు, లాయర్లు తిరిగారు. దాన్ని దాచుకోవడానికి రాజులు రారు, మనమే పూనుకోవాలి.

కొనేవాళ్లు చాలామంది ముందు బానెట్ ఎత్తుతారు. నిజానికి ఇంజన్ చివర్లో చూడాల్సింది. మొదట ఆర్సీ. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితంతో అంకె అంకె కలవాలి. ఓనరు చనిపోయి ఉంటే, వారసులందరూ సంతకాలు పెడతారో లేదో తేలాకే అడ్వాన్సు ఇవ్వాలి. తర్వాత రేకు. పద్మినికి విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద పొడుగునా ఉండే రేకు తుప్పు తినేస్తే, పైన పెయింటు ఎంత నిగనిగలాడినా ఆ కారుకు నడుం విరిగినట్టే. చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తలుపుల అడుగున, చక్రాల పైన మెల్లగా జరపండి. రేకున్న చోట అతుక్కుంటుంది, పుట్టీ దట్టంగా మెత్తిన చోట జారిపోతుంది.

ఇక ఆ 1089 సీసీ ఇంజన్ గురించి బెంగ అక్కర్లేదు. అందులో కంప్యూటర్ లేదు. సిలిండర్లు అరిగితే లేత్ షాపులో బోరింగ్ చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేయించవచ్చు.

నన్ను కలవరపెట్టేది పనిచేసే చేతుల కొరత. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాతకాలపు మేస్త్రీని చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, డిస్ట్రిబ్యూటర్‌ను వేళ్లతో వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతాడు. తల పక్కకు వంచి వింటాడు. శబ్దం నున్నబడగానే నట్టు బిగించేస్తాడు. ఆ విద్య ఏ పుస్తకంలోనూ దొరకదు. బండి అప్పగించి ఫోన్ కోసం ఎదురుచూడకుండా, ఆదివారాలు ఆయన పక్కన నిలబడి నేర్చుకోండి.

మోజుకొద్దీ కొత్త ఇంజన్ బిగించి, స్టీరింగ్ పక్కనున్న గేరును కిందికి దింపి, బాడీ కోసి వెడల్పు టైర్లు పెట్టించేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా అది కారు భవిష్యత్తుకే దెబ్బ. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికే ‘వీఏ’ అక్షరాల ప్రత్యేక నంబరు వస్తుంది. 1985 నాటి పద్మిని 2035లో ఆ అర్హత సంపాదిస్తుంది. ఈరోజు ఇంజన్ మార్చేస్తే ఎప్పటికీ సంపాదించదు.

కానీ అప్పటిదాకా దాన్ని మోసేదెవరు? 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ రుసుమును 2022లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో పదివేలు చేశారు. దాని మీద గ్రీన్ ట్యాక్స్. రోజూ పొగ కక్కుతూ తిరిగే డొక్కు బండికీ, నెలకోసారి ప్రేమగా బయటికి తీసే పద్మినికీ ఒకటే లెక్క. జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కారుకు ‘హెచ్’ నంబరు ప్లేటిచ్చి పన్ను తగ్గిస్తారు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటితే రోడ్డు పన్నే ఉండదు. మనకూ 30 ఏళ్ల దగ్గర అలాంటి మెట్టు ఒకటి కావాలి. ఏటా బ్రేకులూ పొగా కఠినంగా పరీక్షించండి, ఏడాదికిన్ని కిలోమీటర్లే అని పరిమితి పెట్టండి, ఫీజు తగ్గించండి. 2021 నిబంధనలకు చిన్న సవరణ చేస్తే సరిపోతుంది.